పదకొండు పేర్ల కాగితం

ఆ కాగితం నా చేతికి వచ్చిన రోజున నేను వెతుకుతున్నది వేరే. బార్కస్‌లో పాత ఇళ్లలోని ఆడవాళ్లు రాసిపెట్టుకున్నవి ఏమైనా దొరుకుతాయేమోనని కొంతకాలంగా తిరుగుతున్నాను. ఉత్తరాలు కావచ్చు, పెళ్లిపాటల నోటుపుస్తకాలు కావచ్చు. నా పీహెచ్‌డీ స్త్రీల ఆత్మకథల మీద. అందుకేనేమో, రాత అంటే వాక్యమే అన్న భ్రమ నాలో చాలాకాలం ఉండిపోయింది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, "మా నానీ దగ్గర ఏవో కాగితాలున్నాయి మేడమ్, కానీ అవి మీకు పనికి రావేమో" అని సందేహిస్తూనే వాళ్లింటికి తీసుకెళ్లింది.

నానీకి ఎనభై దగ్గర పడుతున్నాయి. కుట్టుమిషను సొరుగు లాగి, బాబిన్ల కింద నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చారు. విప్పితే ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ప్రోగ్రామ్. ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క ఉర్దూ. పైభాగం చినిగిపోవడంతో తేదీ పోయింది, ఎదుటి జట్టు పేరూ పోయింది. మిగిలినదాంట్లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు పదకొండు మంది పేర్లు, ఫతే మైదాన్ అన్న చోటు పేరు, టికెట్టు ధర, నాలుగు వాక్యాల ఉర్దూ విన్నపం.

నాకు నిరాశే కలిగింది. ఆడవాళ్ల రాత కోసం వస్తే మగవాళ్ల ఆట దొరికింది. మర్యాదకు ఫొటో తీసుకుని, హరీసా తిని, ఇంటికొచ్చేశాను. ఆ కాగితం వెనకవైపు నేను చూడనేలేదు. రెండోసారి వెళ్లినప్పుడు గానీ అటు తిప్పలేదు.

బార్కస్ అన్న పేరులోనే ఆడవాళ్లు లేరు. ఆ మాట ఇంగ్లీషు 'బ్యారక్స్' నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల స్థావరం అది. ఇక్కడివాళ్లను చావుష్‌లు అంటారు. అదీ సైన్యంలో ఒక హోదాకు ఉన్న తుర్కీ మాటే. ఊరి పేరు బారకాసులది, కులంలా చెప్పుకునే పేరు సిపాయిలది, ఇంటిపేర్ల ముందుండే 'బిన్' తండ్రిది. హద్రమౌత్ నుంచి హిందూ మహాసముద్రం దాటి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇక్కడికొచ్చి ఇక్కడి ఆడవాళ్లను పెళ్లి చేసుకున్నారు. అలా పరాయి నేలమీద స్థానిక తల్లులకు పుట్టిన పిల్లలకు అరబ్బీలో 'మువల్లద్' అని వేరే పేరే ఉంది. మూడు నాలుగు తరాలు తిరిగేసరికి ఇంట్లో మిగిలిన భాష దక్కనీ. అంటే తల్లిది. వంశవృక్షం మాత్రం తండ్రిది. అరబ్బుల మీద వచ్చిన చరిత్రల్లో జమేదార్ల గురించి చాలా ఉంది. నిజాం కొలువులో జమేదార్లుగా ఎదిగి, అక్కడ సంపాదించిన సొమ్ముతో, పలుకుబడితో హద్రమౌత్ తీరంలో రాజ్యమే స్థాపించుకున్న అల్ ఖువైతీలను గురించి ఎవరైనా చెబుతారు. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. దక్కనీ తల్లుల గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మన పత్రికల్లో కూడా బార్కస్ ఎప్పుడు కనిపించిందో గుర్తు చేసుకోండి. 1991లో విమానంలో ఏడుస్తున్న పదేళ్ల హైదరాబాద్ పాపను, పక్కన కూర్చున్న ముసలి షేకును ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించిన కేసు దేశమంతా తెలిసింది. ఆ తర్వాత పాతబస్తీ అమ్మాయి అనగానే అరబ్ షేకుల పెళ్లిళ్లే. ఆ దుర్మార్గం నిజం. దాని మీద రాయాల్సిందే, రాశాం కూడా. కానీ ముప్ఫై ఏళ్లకు పైగా ఒక వాడలోని ఆడవాళ్లందరినీ బాధితురాలు అన్న ఒక్క మాటతో సరిపెట్టడం మనకు చాలా సుళువైపోయింది. చాంద్రాయణగుట్ట దాటి లోపలికి వెళ్తే జామకాయల బండ్లు, లుంగీల దుకాణాలు, మందీ హోటళ్లు, సాయంత్రమైతే మైదానంలో దుమ్ము రేపుతూ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు కనిపిస్తారు. క్రికెట్ ఈ దేశాన్ని మింగేసినా బార్కస్‌ను పూర్తిగా మింగలేకపోయింది.

ప్రోగ్రామ్ దగ్గరకొస్తాను.

అమెరికాలో బేస్‌బాల్ చూడటానికి వెళ్లేవాళ్లు గేటు దగ్గర ప్రోగ్రామ్ కొనుక్కుని, అందులోని స్కోర్‌కార్డు మీద పెన్సిల్‌తో ఆటంతా తామే రాసుకుంటారు. పాత ప్రోగ్రాములను పోగుచేసే పిచ్చి అక్కడ పెద్దదే. గెలిచిన ఏడాదివే కాదు, జట్టు చెదిరిపోయి కొత్త కుర్రాళ్లతో మళ్లీ కట్టుకుంటున్న ఏడాదివి కూడా వెతుక్కుని కొంటారు. ఎందుకంటే తర్వాత పెద్ద ఆటగాళ్లయినవాళ్ల పేర్లు మొదటిసారి అచ్చయ్యేది అలాంటి ఏడాదిలోనే. మనకు ఆ అలవాటు లేదు. మన దగ్గర మ్యాచ్ కాగితం మ్యాచ్ అవగానే పల్లీల పొట్లమవుతుంది. ఈ ఒక్కటి మిగలడానికి కారణం వేరు. అది తర్వాత చెప్తాను.

తేదీ లేని కాగితానికి ఏడాది కట్టడం సాహిత్యం చదివినవాళ్లకు కొత్త కాదు. తాళపత్రాలకు భాషను బట్టి కాలం కడతారు కదా. నేనూ అలాగే కూర్చున్నాను. ఆంధ్రప్రదేశ్ అని ఉంది కాబట్టి 1956 నవంబరు తర్వాతది. ఫతే మైదాన్ అని ఉంది. లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయింది 1966 జనవరిలో, మైదానానికి ఆయన పేరు పెట్టింది ఆ తర్వాత. కాబట్టి అంతకు ముందుదే కావచ్చు. టికెట్టు ధర నయా పైసల్లో ఉంది. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. పాత పైసాతో తికమక పడకుండా 'నయా' అన్న మాట తగిలించారు. 1964 జూన్ 1న ఆ 'నయా' తీసేశారు. ఇవన్నీ కలిపినా ఏడేళ్ల వ్యవధి మిగులుతుంది. దాన్ని ఏడాదికి కుదించింది ఉర్దూ విన్నపంలోని ఒకే ఒక్క మాట. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ పేరు ముందు 'మర్హూమ్' అని ఉంది. మర్హూమ్ అంటే గతించినవాడు. రహీమ్ చనిపోయింది 1963 జూన్ 11న. అయితే ఈ కాగితం 1963 జూన్‌కూ 1964 జూన్‌కూ మధ్యది. ప్రెస్సువాళ్లు అలవాటుకొద్దీ ఇంకొన్ని నెలలు నయా పైసలే వేసి ఉంటారనుకున్నా పెద్ద తేడా రాదు.

రహీమ్ సాహెబ్ ఎవరో 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బళ్లో పాఠాలు చెప్పిన మాస్టారు. ఉస్మానియాలో చదువుకున్నాడు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉంటూ వాడవాడలా పోటీలు పెట్టించాడు. కుడికాలు వాటమున్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలన్న నియమంతో ఒక పోటీ, బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకుని తిప్పకూడదన్న నియమంతో ఇంకో పోటీ. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడు బొంబాయి రోవర్స్ కప్పు, ఢిల్లీ డ్యూరాండ్ కప్పు రెండూ హైదరాబాద్‌కే వచ్చాయి. డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్. రోవర్స్ కప్పు 1954 దాకా వరసగా ఐదేళ్లు ఇక్కడే ఉండిపోయింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ బంగారం. అది గెలిచి ఏడాది తిరక్కముందే ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం రాలేదు. సినిమాలో ఆయన భార్య పాత్ర ప్రియమణి వేసింది. మూడు గంటల సినిమాలో ఆమె పని భర్తను చూసి గర్వపడటం, దిగులుపడటం. ప్రియమణి బాగానే చేసింది, తప్పు ఆమెది కాదు.

ఆ విన్నపం సారాంశం ఇది. మర్హూమ్ రహీమ్ సాహెబ్ లేని ఈ సీజన్లో కొత్త పిల్లలతో జట్టును మళ్లీ నిలబెట్టుకుంటున్నాం, పొరపాట్లుంటే పెద్దమనసుతో మన్నించండి. ఎంత మర్యాదగా ఉందో! ఓడిపోతామేమోనని ముందే మన్నింపు అడగడం. నిజానికి అంత భయపడాల్సింది లేకపోయింది. 1963 రోవర్స్ కప్పు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌దే అయింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ కూడా రాష్ట్రానికి వచ్చింది. అదే ఆఖరుసారి. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోవడం తులసీదాస్ బలరాం కాలంలోనే మొదలైంది, తర్వాత ఇంకా పెరిగింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు ఆరిపోయిందన్నది పెద్ద కథ, చాలామంది రాశారు. ఆ పదకొండు పేర్లలో నాలుగే నాకు పుస్తకాల్లో దొరికాయి. మిగతా ఏడుగురి గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు. మగవాళ్ల చరిత్ర కూడా మగవాళ్లందరిదీ కాదన్నమాట.

రెండోసారి వెళ్లినప్పుడు నానీతో ఇదంతా చెప్పాను. నేను చేసిన పరిశోధనకు ఆమె సంతోషపడతారనుకున్నాను. విని, నవ్వి, "తిప్పి చూడు బేటీ" అన్నారు.

వెనకవైపు పెన్సిల్‌తో నిలువుగా ఒక వరస బొమ్మలు. నెలవంక, దువ్వెన, బంతి, జామకాయ, తాళంచెవి, ఇంకా నాకు అర్థం కానివి కొన్ని. ఒక్కో బొమ్మ ఎదురుగా ఉర్దూ అంకెలు రెండేసి. కొన్నిటి పక్కన అడ్డగీత, రెండిటి పక్కన లేదు.

అవి నిక్కర్ల కొలతలు. నడుము, పొడవు. మొహల్లా కుర్రాళ్లంతా కలిసి ఒక జట్టు కట్టుకున్నారు. పోలీసువాళ్లలాగే ఒకే రంగు నిక్కర్లు కావాలన్నారు. ఫతే మైదాన్ నుంచి అన్న తెచ్చిన కాగితం కుట్టుమిషను మీద ఉంటే, దాని వెనక చెల్లెలు కొలతలు రాసుకుంది. అప్పుడామెకు పదహారో పదిహేడో. పేర్లు రాయలేదేమని అడిగాను. రాయడం రాదు కదా అన్నారు. ఉస్తానీ దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకున్నారు. ఆ అక్షరాల సాయంతో ఉర్దూ అచ్చు కూడబలుక్కుని చదువుతారు. రాయడం మాత్రం ఇంట్లో నేర్పనివ్వలేదు. ఆడపిల్ల చదివితే భక్తి పెరుగుతుందని, రాస్తే ఉత్తరాలు వెళ్తాయని భయం. ఇది బార్కస్‌కో ముసల్మాన్లకో మాత్రమే ఉన్న భయం కాదు. చదువు రావచ్చు గానీ రాత రాకూడదన్న ఇళ్ల గురించి మా థీసిస్‌లలో ఎన్ని అధ్యాయాలు రాసుకున్నామో. అంకెలు మాత్రం అన్న నేర్పాడట, దుకాణం లెక్కకు పనికొస్తాయని. అందుకని అంకెలున్నాయి, పేర్ల చోట బొమ్మలున్నాయి. దువ్వెన అంటే ఎప్పుడూ తల దువ్వుకుంటూ ఉండేవాడు. తాళంచెవి అంటే తండ్రి తోటకు కాపలాదారు. జామకాయ ఎవరో చెప్పలేదు, నవ్వి ఊరుకున్నారు. నేనూ తరచి అడగలేదు.

లెక్కపెడితే పదమూడున్నాయి. జట్టుకు పదకొండు మందే కదా అన్నాను. "ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్లకూ కావాలని ఏడ్చారు. మిగిలిన ముక్కల్లో కుట్టేశా" అన్నారు.

గుడ్డ డ్రిల్లు. పిల్లలే చందాలు వేసుకుని కొనుక్కొచ్చారు. కుట్టుకూలి నిక్కరుకు ఆరణాలు. అవతలివైపు నయా పైసల్లో ఉన్న కాగితమే ఇవతలివైపు అణాల్లో ఉంది. బజారు మారినా ఆడవాళ్ల లెక్క ఇంకా మారలేదు. అడ్డగీత ఉన్నవాళ్లు డబ్బులిచ్చినవాళ్లు.

ఈ కుట్టుపని ఎప్పుడు మొదలైందని అడిగితే, "అమ్మ దగ్గర్నుంచి. పోలీస్ యాక్షన్ తర్వాత" అన్నారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. నిజాం సొంత సైన్యం, దానితోపాటు అరబ్బుల వంటి క్రమేతర దళాలు రద్దయ్యాయి. రాజ్యం పోయినవాడికి భరణం వచ్చింది, రాజప్రముఖ్ పదవి వచ్చింది. సిపాయికి ఏమీ రాలేదు. అరబ్బుల్లో చాలామందిని బయటి దేశంవాళ్లుగా లెక్కగట్టి నిర్బంధంలో ఉంచారు, కొందరిని ఓడెక్కించి ఏడెన్‌కు పంపేశారు. ఇక్కడే పుట్టి, దక్కనీ తప్ప ఇంకో భాష సరిగా రానివాడు కూడా ఏ దేశం వాడివో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. తండ్రిని బట్టి చూస్తే అరబ్బు. తల్లిని బట్టి చూస్తే హైదరాబాదీ. తల్లిని బట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

నానీకి అప్పుడు రెండేళ్లు. తండ్రి బారకాసుల సిపాయి. కొన్ని నెలలు ఎక్కడున్నాడో తెలియలేదు. తిరిగొచ్చాక ఏడాదిపాటు గడప దాటలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఏడాది తల్లి కాళ్ల వెండి గొలుసులు అమ్మి పాత కుట్టుమిషను కొంది. ముందు చుట్టుపక్కల ఆడవాళ్ల కుర్తాలు, తర్వాత మగవాళ్ల పైజమాలు, పిల్లల బడి బట్టలు. కొలతలు తీసుకోవడానికి పరాయి మగవాళ్ల ముందుకు రాకూడదు కాబట్టి పాత బట్ట ఒకటి పంపమనేది. దాని కొలతకే కొత్తది కుట్టేది. తండ్రి తర్వాత జామతోటలో కాపలాకు కుదిరాడు. అయినా ఇల్లు నడిచింది మిషను మీదే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదట. "అబ్బా గౌరవం కదా" అన్నారు నానీ. నలుగురిలో మాట వస్తే ఆయన తోట పని గురించే చెప్పుకునేవాళ్లు.

1950లో సిటీ పోలీస్ రోవర్స్, డ్యూరాండ్ కప్పులు గెలవడం గురించి చదివినప్పుడల్లా నాకొక సందేహం ఉండేది. రాజ్యం కూలి రెండేళ్లయింది. ఊళ్లలో జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టింది. అలాంటి ఊరు నుంచి ఎక్కువమంది ముసల్మాన్లే ఉన్న జట్టు వెళ్లి కలకత్తావాళ్లను ఎలా ఓడించింది? ఆటలో దానికి జవాబు రహీమ్ సాహెబ్. కాని ఆ ఆటగాళ్లను, వాళ్లను చూడటానికి ఫతే మైదాన్‌కు నడిచివెళ్లిన కుర్రాళ్లను ఆ రెండేళ్లు బతికించి ఉంచిందెవరు? జట్టు మళ్లీ కట్టుకున్న సీజన్‌కు ప్రోగ్రామ్ అచ్చయింది. ఇల్లు మళ్లీ కట్టుకున్న సీజన్‌కు ఏ కాగితమూ లేదు. దొరికిన ఈ ఒక్కటీ ఆ ప్రోగ్రామ్ వెనకవైపే దొరికింది. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులు మొదటిసారి విన్నాం. అదే 1948కి అవతలివైపున, ఓడిపోయిన సిపాయిల ఇళ్లలో ఉన్న ఆడవాళ్ల గొంతులు ఆ పుస్తకం చేసిన పనిలో భాగం కావు, కావాలని ఆశించడం న్యాయమూ కాదు. వాళ్ల దగ్గరకు మనమే వెళ్లాల్సింది. చాలా ఆలస్యంగా వెళ్లాం. నానీ తల్లి పోయి ముప్ఫై ఏళ్లు దాటింది.

ఈ కాగితం గురించి ఒక సదస్సులో మాట్లాడితే, పెద్దాయన ఒకరు లేచి "బాగుందమ్మా, కాని ఇందులో సాహిత్యమేది?" అన్నారు. అప్పటికి నాకు జవాబు తట్టలేదు. పదమూడు బొమ్మలకూ పదమూడు కథలు చెప్పగలిగిన మనిషి ఆ కాగితం రాసిందని అనాల్సింది. పోనీ, వాక్యాలు రాయనివ్వకపోతే ఏం చేస్తుందో చూడండని అనాల్సింది. బస్సులో ఇంటికొస్తుంటే తట్టాయి ఇవన్నీ, ఎప్పటిలాగే.

ఆటలో ఆడవాళ్ల బట్టల గురించి కూడా ఒక మాట. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, ఆడవాళ్లకు ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ పెట్టారు. అది 1954 దాకా నడిచింది. మోకాళ్లు గీరుకుపోతున్నా వాళ్లు పొట్టి స్కర్టులు వేసుకునే ఆడాలని నియమం. మొదట్లో సింగారానికి, మర్యాదలకు పాఠాలు కూడా చెప్పించారు. ఇంగ్లండులో అయితే 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ అసోసియేషన్ తమ మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టింది, దాదాపు యాభై ఏళ్లు ఎత్తలేదు. మన దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు సమాఖ్య ఏర్పడిందే 1975లో. నానీ నిక్కర్లు కుట్టిన పన్నెండేళ్లకు. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోందని నానీ మనవరాలు చెప్పి ఫోన్లో వీడియో చూపించింది. నానీ కళ్లు చిట్లించుకుని చూసి, "నిక్కరు కుట్టు బాగుంది. మిషనుదే. చేతి కుట్టు కాదు" అన్నారు.

మీరెప్పుడైనా మ్యాచ్ చూశారా అని అడిగాను. ఒక్కసారి, మేనత్త ఇంటి డాబా మీద నుంచి. పిట్టగోడ సందులోంచి. బుర్ఖా వేసుకుని దూరం నుంచి చూస్తుంటే మొహాలు ఆనలేదు. వెనకనుంచి నిక్కర్లను బట్టి ఎవరెవరో పోల్చుకున్నారట. "దువ్వెనది కొంచెం బిగువు. తాళంచెవిది వదులు. గుడ్డ చాలక ఒకడిది రెండు రంగుల దారంతో కుట్టాను, వాడు ఎక్కడున్నా తెలిసిపోతాడు." ఆట మధ్యలో ఒకడి నిక్కరు పిర్ర దగ్గర చిట్లిపోయింది. మైదానమంతా గొల్లున నవ్వింది. ఆ సాయంత్రం అన్న ఇంటికొచ్చి, నీ కుట్టు వల్ల పరువు పోయిందని చెయ్యి ఎత్తాడు. తల్లి మధ్యలోకి వచ్చింది. ఆ చిట్లిన నిక్కరును రాత్రి లాంతరు దగ్గర పెట్టుకుని చూస్తే కుట్టు చెక్కుచెదరలేదు, చిరిగింది గుడ్డ. చవక గుడ్డ తెచ్చింది వాళ్లే. "కుట్టు నాది. గుడ్డ వాళ్లది" అన్నారు నానీ, అరవై ఏళ్ల తర్వాత కూడా కోపం తగ్గని గొంతుతో.

ఎవరు గెలిచారని అడిగాను. గుర్తులేదన్నారు.

అన్న 1970లలో గల్ఫ్ వెళ్లి, అక్కడ చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చి, ఇక్కడే పోయాడు. నెలవంక ఆయనే. అందరికన్నా పైన, పెద్దగా గీసి ఉంది. దాని పక్కన అడ్డగీత ఉంది. చెయ్యి ఎత్తిన అన్న కూడా కూలి డబ్బులు ఇచ్చాడన్నమాట.

కాగితం ఏదైనా ఆర్కైవ్‌లో పెడితే బాగుంటుందని నా ఆశ. పెళుసుబారుతోంది, మడతల దగ్గర అచ్చు రాలిపోతోంది, ఈ వానాకాలం తట్టుకుంటుందో లేదో. ఆ మాటే జాగ్రత్తగా చెప్పాను. ఎక్కడ ఉంచుతారు, ఎవరు చూస్తారు, పేరు రాయాల్సిన అవసరం లేదని, ఇంకా ఏవేవో. నానీ శ్రద్ధగానే విన్నారు. తర్వాత, "ఏ లేకే క్యా కర్తే తుమ్?" అన్నారు. ఇది తీసుకుని మీరేం చేసుకుంటారని. రెండువైపులా రంగు జిరాక్స్ తీయించుకొచ్చి చూపించాను. జిరాక్స్ నాకిచ్చి అసలుది ఆమె ఉంచుకున్నారు.

"ఇద్దరు ఇంకా ఇవ్వాలి" అన్నారు, అడ్డగీతలు లేని బొమ్మల మీద వేలు పెట్టి. జామకాయ, తాళంచెవి. తాళంచెవి పోయాడట. జామకాయ ఇప్పటికీ అదే గల్లీలో ఉంటాడు, రోజూ ఫజర్ నమాజుకు ఈ ఇంటి ముందు నుంచే వెళ్తాడు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, బాబిన్ల కింద పెట్టి, సొరుగు మూశారు.